ఇరవై లీటర్లు

మార్చి పదకొండు, మంగళవారం, పొద్దుగాల.
అమీర్‌పేటల లేడీస్ హాస్టలు, నాలుగో అంతస్తు.
లిఫ్టుకు అతికించిన "పని చేయుట లేదు" కాయితం
నేను ఈ గల్లీకి రాకముందుదే.
పదిహేడో క్యాను భుజం మీదికి ఎత్తంగ
నడుంల ఏదో పుటుక్కుమన్నది.
ఆ సప్పుడు నాకొక్కనికే ఇనవడ్డది.
క్యాను మెట్ల మీద దొర్లుకుంట కిందికి పోయింది,
నేను వంగినకాడ్నే ఆగిపోయిన
రూపాయి బిళ్ల పోగొట్టుకున్నోని లెక్క.

"ఏమన్న పడ్డదా అన్నా?" అని అడిగింది ఒక పిల్ల
పండ్లు తోముకుంట.
ఏం చెప్పాలె.

సుల్తాన్ బజార్ల మూడు వందల యాభైకి బెల్టు కొన్న.
సర్కారు దవాఖానల తహసీన్ మేడం
ముందుగాల అదే ఇప్పిచ్చింది.
"నీ కండలు సోమరిపోతులైనయి ఎల్లేశం" అన్నది.
కోపమొచ్చింది నాకు.
దినాం నూటిరవై క్యాన్లు మోసెటోన్ని,
నేను సోమరినా?
"భుజం మోసింది, మోకాళ్లు మోసినయి,
నడుం లోపటి కండకు ఎవ్వలూ పని నేర్పలే.
బెల్టు అండ్లనే ఉంది, బిగించుకో."

ఎల్లెలకల పండు. మోకాళ్లు ముడువు.
నడుముకు, చాపకు నడుమ
ఒక సందుంటది చూడు,
చెయ్యి పట్టేటంత.
బొడ్డును లోపటికి గుంజి ఆ సందు మూయి.
ఊపిరి మాత్రం ఆపకు.

నడుం బిగించుమని మీటింగులల్ల మస్తుసార్లు ఇన్న.
ఇట్ల పండుకోని బిగించాలెనని
ఎవ్వలన్న చెప్తే గద.

ఇగ ఇల్లు బోరబండ, ఒకటే అర్ర.
చాప పరిస్తే నడిచే జాగ ఉండదు.
చంద్రకళ నన్ను దాటుకుంటనే
పొయ్యికాడికి పోతది, వస్తది.
మనిషిని దాటితే పెరగడంటరు,
నలభై ఆరేండ్లకు ఇగ ఏం పెరుగుత.

ఇప్పుడు పిర్రలు లేపు, పది లెక్కపెట్టు.
నాలుగుకే తొడలు వణుకవట్టినయి.
క్యాను లేదు, మెట్లు లేవు,
నన్ను నేనే మోస్తున్న.
ఇంత బరువున్ననా నేను?

మోకాళ్ల మీద, చేతుల మీద వంగి
ఒకపారి పిల్లి లెక్క ఈపు పైకి,
ఒకపారి బక్క ఆవు లెక్క కిందికి.
ఎడమ చెయ్యి ముంగటికి, కుడికాలు ఎనుకకు సాపితే
గ్యాసు బండకు బొటనవేలు తాకింది.
బండ ఖాళీదే. సప్పుడు పెద్దగొచ్చింది.
పక్కింటోళ్లు గోడ మీద కొట్టిన్రు.

పద్దెనిమిదో రోజో, ఇరవయ్యో రోజో,
లైటు తీసేసినంక
చాప కొసకు ఆమె వచ్చి పండుకున్నది.
"మోకాళ్లు ఎంత దూరం పెట్టాలె?"
నీకెందుకు అన్న.
"కర్రీ పాయింట్ల తొమ్మిది గంటలు పీట మీద కూసోని
ఉల్లిగడ్డలు కోస్త. పిల్లగాడు పుట్టినప్పటిసంది నొస్తది."
పిల్లగాడు ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు.
మరి చెప్పలేదేంది?
"నీది పుటుక్కుమన్నది, అందరికి తెలిసింది.
నాది ఎన్నడూ సప్పుడు చెయ్యలే."

చీకట్ల చెయ్యి పెట్టి చూసిన,
ఆమె నడుముకు, చాపకు నడుమ.
నా సందు కంటె పెద్దది.
మూయి అన్న. బొడ్డు లోపటికి. ఊపిరి ఆపకు.
మేడం గొంతు నాకు సరిగ్గ రాలే,
ఆమె నవ్వింది,
నవ్వితే సందు మళ్ల తెరుసుకున్నది.

ఇప్పుడు క్యానుకు ముందు గొంతు కూసుంట,
కడుపుకు ఆనించి, చంటిపిల్లను తీసుకున్నట్టు లేస్త.
రెండో అంతస్తు దాక నేను,
ఆ పైకి ఓనరు ఇంకో పిల్లగాన్ని పెట్టిండు, కూలి తగ్గింది.
ఆ పిల్లగాడు వంగుతుంటే చూడలేను.
మోకాళ్లు, మోకాళ్లు అని కింది నుంచి ఒర్లుత.
చెవులల్ల పాటలు పెట్టుకున్నడు, ఇనడు.

రాత్రి చాప మీద ఇద్దరం.
ఆమె లెక్క తొందర,
నా ఆరుకే ఆమెది పది అయిపోతది.
దొంగలెక్క, మళ్ల మొదటిసంది పెట్టు అన్న.
"నువ్వు పెట్టుకో, నేను పప్పు నానబెట్టాలె" అన్నది,
కని లేవలే.