తొమ్మిది చుక్కలు ఎక్కువ

రేణిగుంట జంక్షన్, మూడో ప్లాట్‌ఫారం, తెల్లారని మబ్బు.
చిత్తూరు బండి గంటన్నర లేటు.
ఒళ్ళో లాప్‌టాప్, దాంట్లో
మూడు వందల కోట్ల ఏండ్ల కిందట బయల్దేరిన వెలుతురు.

ఏర్పేడులో నెల రోజులు లెక్కపెట్టినా.
గెలాక్సీల గుంపుకి నడిమధ్య కాదు,
చుట్టూ అంచున, ఎక్స్‌రే చుక్కలు:
పద్నాలుగు ఉండాల.
ఇరవైమూడు ఉండాయి.

ఆ తొమ్మిదీ ఎవురివి?

నడిమధ్య అంతా కోట్ల డిగ్రీల్లో కాగిన ఆవిరి.
అక్కడి గెలాక్సీలు ముసలివి, ఎర్రవి,
ఉన్న గ్యాసంతా పోగొట్టుకొని ఊరకుండాయి.
గొడవంతా అంచులోనే.
కొత్తగా లోపలికి పడే గెలాక్సీకి ఎదురుగాలి కొడతాది;
చినిగిన మూటలోంచి బియ్యం కారినట్టు
గ్యాసు వెనక్కి కారి తోకలా సాగతాది.
కడుపులో నిద్రపోయే నల్లబిలం
ఉలిక్కిపడి నాలుగు మెతుకులు అందుకుంటాది.
ఆ నమిలే చప్పుడే నా చుక్క.
అనుకుంటా ఉండా.

గుంతకల్లు వైపు నించి బండొకటి వచ్చి ఆగింది.
దిగినోళ్ళలో కొండకు పొయ్యేదెవురో
చెన్నైకి బండి మారేదెవురో
మొహం చూసి చెప్పలేను.
ఒకామె కొళాయి కాడ బిడ్డ మొహం కడగతా ఉంది.
ఈ ఊరికొచ్చిందా,
ఈ ఊరి మీదుగా పోతా ఉందా?
నా తొమ్మిదిట్లో ఎన్ని
గుంపుతో ఏ చుట్టరికమూ లేకుండా
దాని వెనకాల, ఎంతో వెనకాల
ఊరికే నిలబడి ఉండాయో!
దూరం కొలవాలంటే పెద్ద టెలిస్కోపు మీద రాత్రులు కావాల.
అడిగినాం. ఇయ్యలేదు.

రేడియో పటం పోయిన్నెల మునిరత్నం మామకు చూపించినా.
చిత్తూరు పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో ఇరవై ఆరేండ్ల సర్వీసు.
కాగితమని చూడకుండా
అలవాటుగా ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టినాడు.
"ఎవురిదే ఈ పక్కటెముక?"

ఎముక కాదు మామా.
రెండు గుంపులు గుద్దుకుంటే
ఆ దెబ్బ అలలాగా బయటికి, ఇంకా బయటికి పోయి
చల్లారిన పాత ఎలక్ట్రాన్లను మళ్ళా రాజేసిన గీత.
ఈ కొస నుంచి ఆ కొసకు
వెలుతురుకే అరవై లక్షల ఏండ్లు.

చానాసేపు చూసినాడు.
"నడిమి చూడబాక.
మోటారుసైకిలు కేసుల్లో గూడా
సన్న పగులు కొసనే దొరుకుతాది."
వెనక్కిస్తా అడిగినాడు:
"నొప్పి పుట్టిందా దానికి?"

ఆ ప్రశ్నకు పేపర్లో చోటు లేదు.
తొమ్మిది ఎక్కువ, అని రాసినా.
పొరపాటు అటో ఇటో అయిదు, అని గూడా.

చిత్తూరు బండి వచ్చింది.
కొళాయి కారతా ఉంది.
ఆమె ఏ బండెక్కిందో
చూళ్ళేదు.