ముప్పావు అంగుళం

మడమలో ముల్లు పెరిగిందన్నాడు డాక్టరు.
ఎక్స్‌రేలో చూపించాడు, నిజంగానే ముల్లు,
రేగుముల్లంత.
రాతి నేల మీద ఎక్కువసేపు నిలబడకండమ్మా, అన్నాడు.
బెంగళూరులో, మల్లేశపాళ్యలో,
మూడో అంతస్తు వంటింట్లో
ఇరవై రెండేళ్లుగా నేను మరి దేని మీద నిలబడ్డాననుకున్నాడో.

అందుకని చెక్క నేల.
టేకు అనుకున్నాం. ధర విన్నాక
టేకుకు పినతండ్రి కొడుకులాంటిదేదో తెచ్చాం.

భన్వర్‌లాల్ చెవి మీద పెన్సిలుతో వచ్చాడు.
కన్నడం, హిందీ కలిపి మాట్లాడతాడు,
టేపు సాగదీసినప్పుడు మాత్రం
పెదవుల్లోపల వాళ్ల ఊరి అంకెలు.
నేనూ అంతేగా,
కన్నడంలో బేరమాడి
చిల్లర తెలుగులో ఎంచుకుంటాను.

అల్మారాలు కదపనన్నాడు.
వాటి నెత్తిన గ్రానైటు, గ్రానైటులో సింకు,
సింకుకు గొట్టం, గొట్టానికి కింది ఫ్లాటువాళ్ల సీలింగు.
వాటి కాళ్ల దాకానే కొత్త నేల.
కింద ఉన్నది ఉన్నట్టే.

మొజాయిక్ పలకలు పగలగొట్టేముందు వంగి చూశాను.
స్టవ్వు ముందు రెండు చోట్ల మెరుపు పోయి
సున్నపునీళ్లు ఎండినట్టున్నాయి.
దోసెలప్పుడు కుడివైపు ఒరుగుతాను కాబోలు,
అటు మరికాస్త అరిగింది.
ఫొటో తీసుకో, అన్నాడు సుదర్శనం.
తీశాను.
ఫొటోలో ఏమీ కనపడలేదు.

పదకొండు గోనెసంచులు.
లిఫ్టులో వద్దన్నాడు సెక్రటరీ.
మెట్లమీదుగా దిగిపోయాయి, ఒక్కో మలుపులో
కాస్త కాస్త రాలుతూ.

ఏ మూలా మూలమట్టానికి రాలేదు.
పాత వడ్రంగిని తిట్టుకుంటూ భన్వర్‌లాల్
అల్మారా వంకరని కాగితం మీదికి,
కాగితం మీంచి చెక్క మీదికి గీసుకున్నాడు.
సరిచెయ్యవా, అన్నాను.
వంకరని సరిచెయ్యరమ్మా,
దానికి సరిపడా వంకర కోస్తారు, అన్నాడు.
నేను సుదర్శనం వైపు చూశాను.
ఆయన పేపరు తిరగేశాడు.

గోడ పొడవునా వేలు దూరేంత సందు వదిలాడు,
వానాకాలం చెక్క ఒళ్లు చేస్తుందట,
చోటివ్వకపోతే నడుమ ఉబ్బుతుందట.

మూడోరోజు
అల్మారాల అడుగు పట్టీ ఊడదీసినప్పుడు
టార్చి వేసి చూశాను.
అక్కడ పాత నేల
వేసిననాటి నునుపుతోనే ఉంది,
ఎవరూ నిలబడలేదు కనుక.
బొద్దింక రెక్కలు, ఒక సీసామూత, ఎండిన చింతగింజ,
ఇంకా లోపలికి
నా చెవిదిద్దు శీల.

తొమ్మిదేళ్ల కిందటిది.
చూశావా హొన్నమ్మా, అని అడిగాను అప్పట్లో.
ఒక్కసారే అడిగాను.
గొంతు కూడా పెంచలేదు.
గిన్నెలన్నీ తోమి, బోర్లించి,
చేతులు తుడుచుకుని వెళ్లింది,
మర్నాటి నుంచి రాలేదు.
నెల జీతంలో పన్నెండు రోజులు
ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

శీలని కొంగున ముడేసుకున్నాను.
పట్టీ బిగించెయ్యనా, అన్నాడు భన్వర్‌లాల్.
బిగించు, అన్నాను.
తర్వాత, వద్దు, మరమేకులు రెండే చాలన్నాను.

ప్లైవుడ్డు, దాని మీద చెక్క,
అన్నీ కలిపి నేల ముప్పావు అంగుళం లేచింది.
సిలిండరు తలుపు గీసుకుంటోందని
అడుగున చిత్రిక పట్టాడు.
ఫ్రిజ్జు పై అరకి తగిలి
హాల్లోకి వచ్చి కూర్చుంది, చుట్టంలా.

యాభై మూడో ఏట నేను పొడుగయ్యాను.
పై అరలో ఆవకాయ జాడీ
మునివేళ్ల మీద లేవకుండానే అందింది.
కిటికీలోంచి ఎదురింటి మేడమీద
ఇన్నాళ్లూ కనపడని నీళ్లట్యాంకు మూత,
దానిమీద పెట్టిన ఇటుక కనపడుతున్నాయి.

మడమ నొప్పి?
తగ్గినట్టే ఉంది, కొంచెం.
కానీ ఉల్లిపాయలు తరుగుతుంటే
గట్టు ఒక వెంట్రుకవాసి కిందికి జారినట్టుంటుంది,
కత్తి అనుకున్నదానికంటే ఆలస్యంగా ఆగుతుంది.
చెయ్యి ఇంకా పాత ఎత్తునే వెతుక్కుంటోంది.