మూడో మనిషి

కావలి దాటినాక, హైవే పక్కన,
జెయింట్ వీల్ వెనకమాల
దేశం ఉండాది.
టిక్కెట్టు ఆరొందల యాభై.
మూడడుగుల లోపు పిల్లలకి ఊరికే.

అక్కడ రోజుకి నాలుగాటలు
ఉప్పు సత్యాగ్రహం చేస్తన్నా నేను.
ఎడంపక్క నించి మూడో మనిషిని.
ఈల ఊదంగానే మోకాళ్ళ మీద పడాల,
ఆనక పక్కకి ఒరగాల,
మొహం మాత్రం జనం వైపే ఉండాల.

లాఠీ రబ్బరుది. కొట్టేది మా ఖాదర్ వలీ.
రంగు తేట గదా, దొర వేషానికి
రోజుకి ఎనభై ఎక్కువ.
మధ్యాన్నం వాళ్ళింటి రొయ్యపొట్టు వేపుడు
సగం నాకే పెడతాడు,
'గట్టిగా తగిలిందా అబ్బయ్యా' అంటా.

మొదట్లో మా ఇస్కపల్లి ఉప్పే పోశారు కుప్పగా.
మట్టిరంగు, లైట్లకి ఆనదన్నారు.
తెల్లది తెప్పించారు లారీలో, యాడ నించో.
మా అమ్మ కయ్యల్లో లాగిన ఉప్పు
దేశానికి సరిపోలా.

బయటికి దారి అంగట్లోంచే.
వేలెడు సీసాలో ఉప్పు, మూతకి మూడురంగుల దారం,
నూట నలభై తొమ్మిది.
ఏడ్చినోళ్ళంతా కొంటారు.
నిజంగానే ఏడుస్తారు, దాయకూడదు ఆ మాట.
ఒకాటలో ఎవరో ముసలాయన
చెప్పులిప్పి నిలబడ్డాడు.
పడుకోనున్న నాకు గొంతు పట్టేసింది.

మా తాత చెంచురామయ్య సంగతి మేనేజరుకి చెప్పా.
ఆయన కొట్టినోళ్ళలో లేడు,
తిన్నోళ్ళలోనూ లేడు.
ఎండలో నిలబడ్డ పోలీసోళ్ళకి
మజ్జిగ కడవ మోశాడు, కూలికి.
ఆ రాత్రి కూడు ముట్టలేదంట.
ముట్టాడనీ అంటాది మా అమ్మ, ఒక్కోసారి.

ఆ వేషం పెట్టండి సార్, నేనేస్తా అన్నా.
'చప్పట్లు కొట్టాలో వద్దో
జనానికి తెలీదు గదయ్యా' అన్నాడు.
మంచాయనే.

బళ్ళో పరీక్ష పెట్టారు:
ఉప్పు సత్యాగ్రహం ఎప్పుడు జరిగింది?
మా శేషుకుమారి రాసింది,
'పదకొండుకి, ఒంటిగంటకి, నాలుక్కి, ఆరుకి.
ఆదివారం ఇంకోటి.'

నిన్న నాకు సెలవు.
బిట్రగుంట స్టేషన్లో ఎవరో ఈల ఊదారు.
మోకాళ్ళు వాటంతటవే వొంగినయ్.
పక్కకి ఒరిగా.
మొహం జనం వైపు తిరిగింది.

టీ అమ్మే ఆమె పరిగెత్తుకొచ్చి
మజ్జిగ ప్యాకెట్టు మూల కొరికి
నోట్లో పోసింది.

చప్పగా ఉండాది.
తాగేశా.