గీజర్ బంద్ పెట్టిన నెల

మే నెల వచ్చిందంటే రువీల
నీలి గుర్తున్న నల్లాల ఉడుకు నీళ్ళు వస్తయి,
ఎర్ర గుర్తున్న దాంట్ల సల్లటియి.
మిద్దె మీది ట్యాంకు పొద్దంత కాగుతది;
బంద్ పెట్టిన గీజరే మాకు కుండ.
ఈ ముచ్చట జమునకు మొదటి రోజే చెప్పిన.
"ఇంకేమేం ఉల్టా ఉన్నయి ఇక్కడ?" అన్నది,
పెట్టె తాళం పండ్ల నడుమ పట్టుకొని.
నాకు వెంటనే యాదికి రాలే.

తొమ్మిదేండ్లు నేను
కింది మంచం మీద పన్నోణ్ణి.
పై మంచం పోశన్నది.
ఆయన అటు మర్లితే నాకు తెలివయ్యేది.
సామానంత మంచం కిందనే:
ఓ పెట్టె, ఓ బకీటు, మామిడికాయ తొక్కు సీసా.
గోడకు ఎన్నడు మొల కొట్టలే.

ఇప్పుడు రెండర్రల ఇల్లు.
కిరాయి కాగితంల పదకొండో షరతు:
గోడలకు మొలలు కొట్టద్దు.
జమున నాతోని చదివించుకున్నది, తలూపింది,
తెల్లారి రోకలిబండతోని కొట్టింది.
మొలకు క్యాలెండరు.
క్యాలెండరు మీద బడి బస్సు పైసల లెక్క.

ఆమె కార్డు మీద పని అని ఉన్నకాడ
గృహిణి అని రాసిండ్రు.
జగిత్యాలల ఇరవైరెండు మందికి కుట్టు నేర్పిన మనిషి.
ఎన్కసైడు ఇంకేమన్న రాసిండ్రా అని
కార్డు తిప్పి చూసింది.

సహస్రకు అయిదేండ్లు.
నన్ను కండ్లార చూసింది రెండు సెలవులల్లనే.
ఎయిర్‌పోర్టుల వాళ్ళమ్మ చున్నీ చాటుకు పోయింది,
నాలుగు రోజులు బయటికి రాలే.
అయిదో రోజు ఫోన్ తెచ్చి నా చేతుల పెట్టి
"నువ్వు ఆ అర్రలకు పొయ్యి అమ్మ ఫోన్‌కు చెయ్యి,
నీకొకటి చెప్త" అన్నది.

పోయిన.
వంటింట్ల బియ్యం డబ్బా మీద కూసొని చేసిన.
గోడ అవతల మోగింది. ఎత్తింది.
"బాపూ, ఈ గుట్టల మీది చెట్లన్ని ఎవరు గుంజేసిండ్రు?"
"బాపూ, ఇక్కడ ఒకాయన ఉన్నడు,
నీ అంగీలే ఏసుకుంటడు, గురక పెడ్తడు.
అమ్మ ఆయనకే ఎక్కువ ముక్కలు ఏస్తది."
ఆమె గొంతు రెండుసార్లు ఇనవడ్డది,
ఫోన్ల ఒకసారి, గోడల నుంచి ఒకసారి.
గోడ గొంతే ముందుగాల వచ్చింది.

ఇంత దగ్గర్నుంచి ఎట్ల మాట్లాడాలె?
ఇన్నేండ్లు నేను నేర్సుకున్నదంత
తిన్నవా, పైసలు ముట్టినయా,
ఫోన్ అమ్మకియ్యి.

శుక్రారం పోశన్న, గంగాధరి బువ్వకు వచ్చిండ్రు.
క్యాంపుల బూట్లు ఒక్క ఇదిలింపుకే ఊడేటియి,
మా దర్వాజ కాడ లేసులతోని ఎంతసేపో.
సోఫా అంచుకు కూసున్నరు
ఇంటర్వ్యూకు వచ్చినట్టు.
సహస్ర నీళ్ళను "వెళ్ళం" అనుకుంట తెచ్చిచ్చింది,
పక్కింటి బీనా టీచర్ కొడుకు నేర్పిండు.
పోశన్న బిడ్డదీ ఇదే ఈడు.
చాక్లెట్ ఇచ్చిండు గని, చెయ్యి ఎక్కడ పెట్టాలెనో తెల్వక
ఆమె తల మీద అట్ల పైపైన,
పెనం కాలిందా లేదా అని చూసినట్టు.

పొయ్యేటప్పుడు లిఫ్టు కాడ అన్నడు:
"నీ మంచానికి నేపాల్ పిలగాడు వచ్చిండు.
మంచోడే. రాత్రిపూట ఏడుస్తడు."
నేనేదో అనాలె.
లిఫ్టు వచ్చింది.

నిన్న మాపటీలి
తానాల అర్రకెల్లి కేక: "బాపూ!"
ఫోన్ల కాదు, నోటితోని.
గిన్నె ఆడనే ఇడిచిపెట్టి ఉరికిన.
నేను పొయ్యేటాళ్ళకు
నీలిది కట్టేసింది, ఎర్రది తిప్పుకున్నది,
తడి వెంట్రుకల సందుల నుంచి నన్ను చూసి
"ఏం లేదు, పో" అన్నది.

పోలే.
తలుపు ఇవతల నిలవడి
నీళ్ళ సప్పుడు ఇనుకుంట ఉన్న,
గీజర్ల సల్లటి నీళ్ళన్నీ ఒడిసిపోతున్నయని
జమున మొత్తుకునేదాక.