సగం పాయింటు

నిన్నటి పెళ్లి ఇంకా పూర్తిగా ఖాళీ చెయ్యలేదు హాలుని.
స్తంభాలకి అరటి బోదెలు వాడి వేలాడుతున్నాయి,
కుర్చీల కింద పసుపు అక్షింతలు.
వధూవరుల సోఫా తీసేసిన చోట
బోర్డు నంబరు పద్నాలుగు.

ఎనిమిదేళ్ల లోపు, నాలుగో రౌండు.
శ్రీకాకుళంలో జూన్ ఉక్క.
నేను ఆర్బిటర్ని. అంటే
అన్నీ చూడాలి, ఏమీ అనకూడదు.

కాశీబుగ్గ నుంచి ముద్దాడ చైత్రిక,
కాళ్లు నేలకందవు.
చెప్పు ఒకటి ఎప్పుడో జారి బల్ల కింద వెల్లకిలా పడుంది.
ఎదురుగా ఇప్పిలి రిత్విక్.
ముందరి పళ్లు రెండూ లేవు,
ఆ సందులోంచి నాలుక కొస బయటపెట్టి ఆలోచిస్తాడు.

పన్నెండో ఎత్తులో వాడి మంత్రి పోయింది.
ఏడవలేదు. రాసుకున్నాడంతే,
పెన్సిలు మాత్రం కాయితాన్ని చింపింది.
తర్వాత ఏనుగు. తర్వాత రెండో ఏనుగు.
చంపినవాటిని చైత్రిక
బడి ప్రార్థనలో లాగ పొడుగు వారీగా నిలబెట్టింది.
దాని బంటు చివరి గడికి చేరితే
పక్క బోర్డు నుంచి ఇంకో మంత్రిని నేనే తెచ్చిచ్చాను.

తాడుకి అవతల దాని తల్లి,
జీడిపిక్కల నలుపు దిగని వేళ్లతో తాడు పట్టుకుని.
ఆట తెలీదామెకి. చచ్చినవాళ్ల లెక్క తెలుసు.

మూల గడిలో రాజు ఒక్కడే.
ఈ పిల్లకి ఇద్దరు మంత్రులు, ఒక గుర్రం.
చెయ్యి గాల్లో తిరిగి తిరిగి
సరిగ్గా పెట్టకూడని గడి మీద ఆగింది.
నాకు దగ్గొచ్చింది.
మింగేశాను. దగ్గు కూడా సాయమే.

పెట్టేసింది. గడియారం నొక్కింది.
"గెలిచీసినాను," తనలో తనే.

వాడు రాజు చుట్టూ వేలు తిప్పాడు,
ఇటు, ఇటు, మళ్లీ ఇటు,
చెయ్యెత్తి నన్ను పిలిచాడు:
"సార్, నాకు దారి నేదు.
కానీ నన్నెవులూ కొట్టట్నేదు."

డ్రా, అన్నాను. చెరి సగం.

"దారి నేదు కదా సారూ, మరి సగమేటి?"
పుస్తకంలో జవాబుంది.
మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను.
విన్నది. ఒప్పుకోలేదు.

సంతకాల దగ్గర మళ్లీ ఆగింది.
సగాన్ని అంకెల్లో ఎలా రాస్తారో
బడిలో ఇంకా అక్కడిదాకా రాలేదట.
రిత్విక్ కాయితం తనవైపు తిప్పుకుని రాసిచ్చాడు:
పైన ఒకటి, గీత, కింద రెండు.

తర్వాత బల్ల కిందికి దూరి
చెప్పు తీసిచ్చాడు.
తొడుక్కుంది. వాడివైపు చూళ్లేదు.