కార్పెట్ అంచు

కోట్కా రేవులో ముప్పై రెండేళ్ళు
క్రేన్ నడిపిన మనిషి సైమి.
నలభై మీటర్ల ఎత్తున, గాజు గదిలో,
కాళ్ళ కింద సముద్రం గడ్డకడుతుంటే
తాపీగా రొట్టె నములుతూ కూర్చునేది.

ఇవాళ నా గదిలో
కార్పెట్ మీద నిలబడి వణుకుతోంది.

హెడ్‌సెట్ పాతది. ఎవరి కళ్ళజోడో
గీసిన గీత ఎడమ లెన్స్ మీద ఇంకా ఉంది.
స్పాంజి నిండా వేరెవరిదో చెమట వాసన.
వైరుని కుక్క గొలుసుతో పైకప్పుకి వేలాడదీశాను.
బీరువా అద్దానికి దుప్పటి కప్పాను,
లేకపోతే ఆటలో చేతులు ఎటో ఎగిరిపోతాయి.

"అడుగు వెయ్యి, ఉత్త చెక్కే కదా," అన్నాను.
ఆమెకి కనిపించేది
ఎనభై అంతస్తుల పైన జానెడు వెడల్పు చెక్క.
నాకు కనిపించేది ఊలు మేజోళ్ళు,
ఒకదానికి బొటనవేలి దగ్గర చిల్లు,
ఆ చిల్లులోంచి కార్పెట్‌ని వెతుక్కుంటున్న వేలు.

"క్రేన్ ఊగేది," అంది. "మూలిగేది.
ఎంత ఎత్తున ఉన్నానో అదే చెప్పేది.
ఇది నోరు విప్పదే!"

నాకేం తోచలేదు. కిటికీ తెరిచాను.
మైనస్ పద్నాలుగు లోపలికొచ్చింది.
ముఖాన గాలి తగలగానే
ఆమె భుజాలు కిందికి దిగాయి.
ఒకటి, రెండు, మూడు...
చెక్క చివరిదాకా నడిచి ఆగింది.
దూకుతుందనుకున్నాను. అందరూ దూకుతారు.

ఆమె మెడ చాచి
ఆ వెలుగుల ఊరంతా గాలించి
"రేవు ఎటు వైపు?" అనడిగింది.
లేదన్నాను.
"మరి ఇంత ఇనుము
ఎవరు దించార్రా?"