సూది కనిపించని వెలుతురు

పగలంతా నాకు ట్యూబ్‌లైటే.
సూది బెజ్జం దొరకాలె,
నల్ల గుడ్డ మీద నల్ల దారం దొరకాలె,
మెడ వంపు కాడ తప్పిన కుట్టు దొరకాలె.
రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం దించితే
అదే అర్ర ఇల్లయితది.
మిషన్ మీద పళ్లెం,
కటింగ్ బల్ల కింద చాప,
నెత్తి మీద మాత్రం ఇంకా
పని అడుగుతున్న ఆ తెల్ల కర్ర.

దేన్నీ వెతకని వెలుతురు ఒకటి
కావాలనిపించింది.

పతంగుల కాలం అయిపోయినంక
ధూల్‌పేటల వెదురు పుల్లలు చవక.
"ఎండకాలంల ఎగిరేస్తవా అక్కా?"
కిషన్‌సింగ్ నవ్విండు.
ఎగిరేది కాదు, వేలాడేది అన్న.
సెగకు పట్టి వంచి చూపించిండు:
తొందరపడొద్దు,
తోలు వైపు బయటికి, కడుపు వైపు లోపలికి.
ఇంటికొచ్చి వంచితే మూడు విరిగినయి.
నాలుగోది మాట విన్నది.

మైదా ఉడికించిన.
బొద్దింకలు ముట్టకుండ చిటికెడు మైలుతుత్తం.
కాగితం మాత్రం కొనలేదు.
గోడకు మేకు, మేకుకు ఇరవై యేండ్ల ఫారాలు,
బటర్ పేపర్ మీద కోసి పెట్టుకున్న
వారాసిగూడ ఆడోళ్ల వీపులు, భుజాలు, చంకల వంపులు.
కొందరు ఇల్లు మారిండ్రు.
కొందరు రెడీమేడ్‌కు మారిండ్రు.
కొందరు లావైండ్రు, ఒప్పుకోరు,
"పాత కొలతకే కుట్టు" అంటరు.
సరే అని లోపల రెండంగుళాలు దాస్త.

ఒక్కోటి తీసి అతికిస్తుంటే
హలీమా బేగం చెయ్యి పక్కన దేవకక్క చెయ్యి వచ్చింది.
నల్లా కాడ బిందె బిందెకు కొట్లాడుకున్నోళ్లు.
మైదా రాసి గట్టిగ అదిమిన.
గుండ్రంగ చేద్దామనుకున్న,
పాదు మీద మరిచిపోయిన సొరకాయ లెక్క
ఒక పక్కకు ఒరిగింది. ఒరగనీ.

ట్రూప్ బజార్ల బల్బు.
తొమ్మిది వాట్లది చేతిల పెట్టబోతే
వద్దు, ఐదు చాలు,
కాగితమిల్లు అన్న.

స్విచ్చి వేసిన.

అప్పటిదాక తెల్వదు నాకు,
నా పెన్సిల్ రాతలన్నీ
లోపలి నుంచి లేచొస్తయని.
ఛాతి 36. భుజం 14.
మెడ లోతు 9, పక్కన 'అత్తకు తెల్వద్దు'.
చెయ్యి పొట్టి. అదే పేరు మీద మరో యేడు, చెయ్యి ఇంకా పొట్టి.
ఒక మూల బాకీ నలభై.
కొన్ని అంకెలు అద్దంల లెక్క తిరగబడి
ఎవరివో నాకే తెలుస్తలేదు.
చాప మీద పడుకుని చూస్తుంటే
అన్నం తినుడు మరిచిపోయిన.

అన్నిట్ల ఒక్క ముక్కే నల్లగ.
అక్కడ కాగితం రెండు పొరలు.
లాలాగూడ రైల్వే దవాఖాన
సిస్టర్ ఎస్తేరుది.
ఆపరేషన్ అయినంక వచ్చి
షట్టర్ దించుమని,
ఎడమ పక్క లోపల జేబు కుట్టుమన్నది,
దూది పెట్టుకోను.
టేపు పట్టుకున్నంత సేపు
ఇద్దరం ఫ్యాన్ దిక్కే చూసినం.
ఆ జేబుకు నేను అంకె రాయలె.

పీకేద్దామనుకున్న.
మైదా ఆరిపోయింది.

ఆదివారం సాయంత్రం ప్రార్థన అయినంక
అటే వచ్చింది, చేతిల కేకు పొట్లం.
లాంతరు కింద నిలబడి
ఒక్కో పేరు చదివి నవ్వింది,
దేవకక్క బాకీ కాడ గట్టిగనే నవ్వింది,
చీకటి ముక్క కాడ ఆగింది.
నేను కత్తెర వెతుకుతున్నట్టు చేసిన.
కత్తెర నా ఒళ్లోనే ఉన్నది.

"నన్నే వేలాడదీసినవా?"

నాకు నోరు పెగల్లే.
ఆమె చెయ్యెత్తి
పిల్లలకు జ్వరం చూసినట్టు
చెయ్యి వెనక వైపుతోని ఆ పొరను తాకింది.
"కాలుతలేదు" అన్నది.
ఇంకాసేపు చూసి,
"జర పైకి కట్టు.
వచ్చేటోళ్ల నెత్తికి తగుల్తది."

స్టూల్ నేను పట్టుకున్న.
ఆమెనే ఎక్కింది.